పర్మిషన్ ఏ దారిన, కాంట్రాక్ట్ ఏ పద్ధతిన: నల్లగొండ, పాలమూరు వైపు సొంతిల్లు కట్టుకునేవాళ్లకు

ప్లాటు అమ్మేవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది: "ఇప్పుడు పర్మిషన్‌కు టెన్షనే లేదు, ఆన్‌లైన్‌లో పెడితే వెంటనే వస్తది." మాట అబద్ధం కాదు. 2020 నవంబరులో టీఎస్ బీపాస్, అంటే ఆన్‌లైన్‌లో ఇంటి పర్మిషన్ ఇచ్చే సర్కారు పద్ధతి, వచ్చినప్పటి నుంచి మున్సిపాలిటీల్లో చిన్న ఇళ్లకు పర్మిషన్ కాగితం నిజంగానే వెంటనే చేతికొస్తోంది. తర్వాత బిల్డ్‌నౌ పోర్టల్ కూడా వచ్చింది. అయితే వెంటనే ఎందుకు వస్తోందో మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు. స్థలం నాదే, గొడవల్లేవు, సర్కారు భూమి కాదు, చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) కాదు, చుట్టూ వదలాల్సింది వదిలే కడతాను అని రాసి సంతకం పెట్టేది మీరు. దాన్నే సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటారు. పాత పద్ధతిలో ఆఫీసువాళ్లు ముందు చూసి తర్వాత కాగితం ఇచ్చేవాళ్లు. ఇప్పుడు కాగితం ముందు వస్తుంది, చూడటం తర్వాత జరుగుతుంది. మీరు రాసింది తప్పని తేలితే పర్మిషన్ రద్దవుతుంది, నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం చట్టంలోనే ఉంది.

అందుకే ఏ స్థలం కొనాలన్నా, ఎవరితో ప్లాన్ గీయించాలన్నా, ఎవరికి కాంట్రాక్ట్ ఇవ్వాలన్నా నేను చూసేది ఒక్కటే. కాగితం మీద ఉన్నదీ నేల మీద ఉండబోయేదీ ఒకటేనా కాదా. రేటు ఆ తర్వాత.

ముందు స్థలం సంగతి

మా వైపు ఇల్లు కట్టేవాళ్ల చేతిలో నాలుగు రకాల స్థలాలు కనిపిస్తాయి. డీటీసీపీ, అంటే సర్కారు టౌన్ ప్లానింగ్ శాఖ, అప్రూవ్ చేసిన లేఅవుట్‌లో ప్లాటు, అప్రూవల్ లేని వెంచర్‌లో ప్లాటు, ఊళ్లో గ్రామకంఠంలో పెద్దల నాటి జాగా, ఊరి బయట వ్యవసాయ భూమి.

అప్రూవ్డ్ లేఅవుట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గజం ధర ఎక్కువ, తర్వాత తలనొప్పి తక్కువ. లేఅవుట్ నంబరు తీసుకుని, అందులో మీ ప్లాటు నంబరు నిజంగా ఉందో, దాన్ని పార్కు కోసమో రోడ్డు కోసమో వదిలారో చూసుకుంటే చాలు. బ్యాంకు లోను కావాలంటే నా ఓటు దీనికే.

జాగ్రత్త అవసరమైంది రెండో రకంతో. హైదరాబాద్ నుంచి బయల్దేరే రెండు హైవేల మీద, అటు చౌటుప్పల్, నార్కట్‌పల్లి దారిలోనూ ఇటు షాద్‌నగర్, జడ్చర్ల దారిలోనూ, "గ్రామ పంచాయతీ అప్రూవ్డ్" అని బోర్డు పెట్టి అమ్మిన వెంచర్లకు లెక్కలేదు. డీటీసీపీ టెక్నికల్ అప్రూవల్ లేకుండా లేఅవుట్ మంజూరు చేసే అధికారం పంచాయతీకి లేదు. సర్పంచ్ ముద్ర ఎంత పెద్దగా ఉన్నా అంతే. ఇలాంటి ప్లాటుకు దారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఫీజు కట్టి అప్రూవల్ లేని ప్లాటును రెగ్యులరైజ్ చేయించుకోవడం. 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131 ప్రకారం, ఆ నెల 26వ తేదీ లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లే దాని కిందికి వస్తాయి. కాబట్టి పాత ప్లాటు కొంటున్నారంటే అమ్మేవాళ్ల డాక్యుమెంట్ తేదీ చూడండి, ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు రసీదు అడగండి, ఫీజు మొత్తం కట్టి ప్రొసీడింగ్స్ (రెగ్యులరైజ్ చేసిన ఉత్తర్వు) తీసుకున్నారా లేక దరఖాస్తు పెట్టి వదిలేశారా తెలుసుకోండి. ఫీజుతో పాటు లేఅవుట్‌లో పార్కులాంటి ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఉంటుంది. "ఎల్‌ఆర్‌ఎస్ అయింది" అని నోటితో చెప్పినవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది మొదటి వెయ్యి రూపాయల రసీదు ఒక్కటే. బేరంలో ఆ మిగతా డబ్బు ఎవరు కట్టాలో తేల్చుకుంటే, గజానికి తక్కువ అనుకున్న ప్లాటు అప్రూవ్డ్ ప్లాటు ధరకు ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది.

గ్రామకంఠం జాగా సంగతి వేరు. ఖర్చు లేదు, పుట్టిన ఊరు, పక్కింటివాళ్లంతా చుట్టాలే. రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ మాత్రం ఉండదు, ఇంటి పన్ను తాత పేరు మీదే నడుస్తుంటుంది. 300 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇంటికి అనుమతి పంచాయతీ స్థాయిలోనే వస్తుంది. అది దాటితే ఫైలు పైకి పోవాలి. పర్మిషన్ కష్టం కాదిక్కడ, అన్నదమ్ముల పంపకం కష్టం. పాత ఇల్లు పడగొట్టక ముందే పంపకం కాగితం రాసుకుని, ఇంటి నంబరు మీ పేరు మీదికి మార్పించుకోండి. గోడ లేచాక "బాయి దిక్కు రెండు అడుగులు మాదేరా తమ్మీ" అనే మాట వస్తే ఆ రెండడుగుల కోసం పెద్దమనుషుల దగ్గర కూర్చునే రోజులకు లెక్కుండదు. ఇలాంటి జాగాలకు హోమ్ లోన్ ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. చేతిలో డబ్బులుండి, లేదా ఇందిరమ్మ ఇల్లు మంజూరై కట్టేవాళ్లకు ఇదే మంచి దారి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు విడతలుగా వస్తాయి, ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి. డబ్బు పడాలంటే ఆ కొలత దాటకూడదు. ముందే పెద్ద పునాది తీసి, తర్వాత బిల్లు ఆగిందని మొత్తుకునేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు.

వ్యవసాయ భూమిలో ఇల్లు గురించి నా మాట సూటిగానే చెప్తాను. భూమి మీకు ముందు నుంచే ఉంటే సరే, ఇల్లు కట్టడం కోసమే గుంటల లెక్కన ఫామ్ ప్లాటు కొనొద్దు. నాలా మార్పిడి, అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం, చేయించుకుంటే పనైపోయిందనుకుంటారు. అది భూమి వాడకం మార్పు మాత్రమే, ఇంటి పర్మిషన్ కాదు. మార్పిడి అయ్యాక కూడా పర్మిషన్ విడిగా తీసుకోవాలి, మాస్టర్ ప్లాన్ ఉన్న చోట ఆ జోన్‌లో ఇల్లు కట్టొచ్చో లేదో చూడాలి, దారి కాగితాల్లో ఉందో బండ్ల జాడ మాత్రమే ఉందో చూడాలి.

ఏ స్థలమైనా ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లతో పాటు నిషేధిత జాబితా, అంటే 22ఏ లిస్టు, చూడనిదే బయానా ఇవ్వొద్దు. దగ్గర్లో చెరువో కుంటో ఉంటే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, నుంచి కొలవాలి. 10 హెక్టార్లకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. రెండు మూడేళ్లు వానల్లేక ఎండిన కుంట పక్కన ప్లాటు ఎంత అందంగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

75 గజాలా, 150 గజాలా

మున్సిపాలిటీలో 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల లోపు ఎత్తుతో, అంటే కింద ఒకటి పైన ఒకటి, కడితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల వరకు, 10 మీటర్ల లోపు ఎత్తుకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి. దాటితే సింగిల్ విండోలో 21 రోజులు.

మొదటి లైను చూసి కొందరికి తెలివి పుడుతుంది. 150 గజాల ప్లాటును భార్య పేర సగం, తన పేర సగం చేసి రెండు 75లు చూపిస్తే పోలా అని. లేఅవుట్ ప్లాటును మీ ఇష్టం వచ్చినట్టు ముక్కలు చేస్తే అది కొత్త సమస్య అవుతుంది తప్ప పరిష్కారం కాదు. 150 గజాలకు అనుమతి ఎలాగూ వెంటనే వస్తున్నప్పుడు ఈ డొంకతిరుగుడు ఎందుకో నాకర్థం కాదు.

అసలు చిక్కు సెట్‌బ్యాక్‌ల దగ్గర, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ దగ్గర. 150 గజాల ప్లాటు తీసుకుందాం, తూర్పు ముఖం, రోడ్డు వైపు 30 అడుగులు, లోతు 45 అడుగులు. 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య స్థలానికి, రోడ్డు మరీ వెడల్పు కాకపోతే, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. లెక్కేస్తే అంతస్తుకు దాదాపు 860 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. ఇప్పుడు వాస్తు చెప్పే పెద్దాయన వస్తాడు. తూర్పు, ఉత్తరాలు ఎక్కువ వదులు, దక్షిణం, పడమర ఎంత తక్కువ వదిలితే అంత మంచిది అంటాడు. మేస్త్రి "అయితే ఆ రెండు దిక్కులా గోడ కంపౌండ్‌కే పెడదాం సార్, 1070 అడుగులు వస్తది" అంటాడు. 210 అడుగులంటే ఒక మంచి బెడ్రూము, పక్కన బాత్రూము. అక్కడే చాలామంది జారేది. ఆన్‌లైన్‌లో పెట్టిన ప్లాన్‌లో మీటరు, నేల మీద సున్నా.

ఈ గొడవకు పరిష్కారం ఉంది. దక్షిణం, పడమర కచ్చితంగా మీటరు మాత్రమే వదిలి, ఉత్తరం, తూర్పు అంతకంటే ఎక్కువ వదలండి. వాస్తు ప్రకారం ఎక్కువ, తక్కువ అనేది పోలికే కాబట్టి ఇటు మున్సిపాలిటీ, అటు వాస్తు పెద్దాయన ఇద్దరూ ఒప్పుకుంటారు. ఇంట్లో జాగా తగ్గుతుంది, అది నిజం. ఆ తగ్గింది పై అంతస్తులో తీసుకోండి. సిద్ధాంతి దగ్గరికి మేస్త్రి గీసిన కాగితం తీసుకుపోకుండా, సెట్‌బ్యాక్‌లు ముందే గీసిన కాగితం తీసుకుపోతే సగం వాదన అక్కడే తగ్గిపోతుంది.

పాత బస్తీల్లో ఇంకో మెలిక ఉంది. రోడ్డు 30 అడుగుల కంటే సన్నగా ఉంటే, రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు లెక్కేసి, ఆ గీత దాటాక సెట్‌బ్యాక్ మొదలవుతుంది. నల్లగొండ పాతబస్తీలోనో పాలమూరు పాత గల్లీల్లోనో 100 గజాల పాత ఇల్లు పడగొట్టి కట్టాలంటే ఈ లెక్క ముందు చేయండి. కొన్నిసార్లు పాత ఇంటినే బాగుచేసుకోవడం మేలనిపిస్తుంది.

ఫైలు ఎవరితో పెట్టించాలి

మీరే పెట్టుకోవచ్చు, లైసెన్స్ ఉన్న ఇంజినీరుతోనో ఆర్కిటెక్టుతోనో పెట్టించొచ్చు, లేదా "ఆఫీసులో మనోళ్లున్నారు" అనే మనిషికి ఇవ్వొచ్చు. 75 గజాల రిజిస్ట్రేషన్‌కైతే డిగ్రీ చదివే పిల్లలున్న ఇల్లు ఎవరి సాయం లేకుండా చేసుకోగలదు. అంతకంటే పెద్దదానికి లైసెన్స్ ఉన్న ఇంజినీరే సరి. ఆయన సంతకం కూడా దాని మీద ఉంటుంది కాబట్టి అబద్ధపు కొలతలు పెట్టడానికి ఆయనకూ భయం ఉంటుంది. మూడో రకం మనిషి ఈ కాలంలో చేసేది ఏమిటో నాకు తెలియదు. వెంటనే వచ్చే కాగితానికి తొందరపెట్టేవాడు ఎందుకు? లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు మాత్రం ఎవరితో పెట్టించినా మీవే ఉండాలి. తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు మెసేజ్ మీ ఫోన్‌కు రాకపోతే, ఏం జరిగిందో మీకు చివరిదాకా తెలియదు.

కాస్త పెద్ద ఇల్లయితే కట్టేదాంట్లో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ (తనఖా) చేయాలి, పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం, వచ్చాక విడిపిస్తారు. ప్లాన్ తప్పిన ఇంటికి అది విడుదల కావడం కష్టం. తీరా అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఈసీలో ఆ మార్ట్‌గేజ్ అలాగే కనిపిస్తుంటుంది.

రోజు కూలీ, లేబర్ కాంట్రాక్ట్, మొత్తం కాంట్రాక్ట్

ఏ పద్ధతి మంచిదని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. రోజూ సైటు దగ్గర ఉండేది ఎవరు?

మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఇల్లు కడుతుంటే, సామాన్లతో సహా మొత్తం కాంట్రాక్ట్ ఇవ్వక తప్పదు. వారానికోసారి వచ్చి సిమెంట్ బస్తాలు లెక్కపెట్టడం కుదిరే పని కాదు. ఈ పద్ధతిలో మీరు కొట్లాడాల్సింది రేటు మీద కాదు, అందులో ఏమేం ఉన్నాయన్న దాని మీద. సంపు ఉందా, సెప్టిక్ ట్యాంకు ఉందా, కంపౌండ్ గోడ, గేటు, మెట్ల పైన గది, పారాపెట్, ఎలివేషన్ పని, బోరు మోటారు కనెక్షన్ ఉన్నాయా? చదరపు అడుగు అంటే దేనికి లెక్క, సన్‌షేడ్లు, బాల్కనీ కలుపుతారా? రాడ్ ఏ కంపెనీ, సిమెంట్ ఏ గ్రేడ్, టైల్ ఎంత రేటులోది? ఇవన్నీ స్టాంపు పేపర్ మీద రాసుకోవాలి. ప్లాన్ ప్రకారం సెట్‌బ్యాక్‌లు వదిలి కట్టాలి, తేడా వస్తే సరిచేసే ఖర్చు కాంట్రాక్టరుదే అన్న లైను కూడా అందులోనే ఉండాలి. ఈ ఒక్క లైను రాయించుకునేవాళ్లు చాలా తక్కువ. సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద సంతకం మీదైనప్పుడు, మీ పేరు మీద గోడ ఎక్కడ లేపుతున్నారో అవతలివాళ్లు బాధ్యత పడాలి కదా.

ఊళ్లోనే ఉంటూ, ఇంట్లో ఒకరు రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి చూడగలిగితే లేబర్ కాంట్రాక్టే బెస్ట్. ఇటుక, ఇసుక, సిమెంట్, రాడ్ మీరు కొంటారు, కూలి చదరపు అడుగు లెక్కన మేస్త్రికి ఇస్తారు. డబ్బు మిగిలేదీ ఇక్కడే, నాణ్యత మీ చేతిలో ఉండేదీ ఇక్కడే. విడతలు బేస్‌మెంట్, స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్, ఫినిషింగ్ అని విడగొట్టి, పని అయ్యాకే డబ్బు, పెద్ద అడ్వాన్స్ లేకుండా మాట్లాడుకోండి. మా వైపు సుతారి పనివాళ్లకు ఎప్పుడూ గిరాకీయే. పాలమూరు లేబర్ దేశమంతా ఆనకట్టలు కట్టిన చరిత్ర ఉన్న చోట, సొంతూళ్లో ఇల్లు కట్టాలంటే మనుషులు దొరకరు. పత్తి ఏరే నెలల్లో, నాట్లప్పుడు కూలీలు చేలకు పోతారు. మేస్త్రి ఒకేసారి నాలుగు సైట్లు పట్టుకుని మీ దగ్గర ఒక రోజు, ఇంకోచోట రెండు రోజులు తిరుగుతుంటాడు. దీన్ని ఆపే మార్గం తిట్టడం కాదు. చివరి విడతలో మొత్తం కూలిలో పదో వంతైనా ఆపి ఉంచడం.

రోజు కూలీ పద్ధతి మీద పూర్తి ఇల్లు కట్టొద్దు. పాత ఇంటి రిపేరు, చిన్న చిన్న మార్పులకే అది సరి.

సామాన్ల దగ్గర రెండు మూడు మాటలు

మేళ్లచెర్వు, వాడపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉండటం ఉమ్మడి నల్లగొండ అదృష్టం, సిమెంట్ తాజాగా దొరుకుతుంది. బస్తా మీద తయారైన వారం చూసి తీసుకోండి. రాడ్ తూకంలో మోసం ఎక్కువ. 12 ఎంఎం రాడ్ మీటరుకు 0.888 కిలో, అంటే 12 మీటర్ల నిలువు రాడ్ దాదాపు 10.65 కిలోలు ఉండాలి. కట్టలోంచి ఒకటి తీసి కాంటా మీద పెట్టించండి, షాపువాళ్లు మొహం చిట్లించినా సరే. ఇసుకకు ఆన్‌లైన్ బుకింగ్, రోబో సాండ్ (రాయి పొడి చేసిన ఇసుక) రెండూ ఉన్నాయి. స్లాబుకు మంచి రోబో సాండ్ తప్పేం కాదు, ప్లాస్టరింగ్‌కు నది ఇసుక నున్నగా వస్తుంది. రాత్రిపూట వచ్చే ట్రాక్టరు ఇసుక చౌక అనిపిస్తుంది, పట్టుకుంటే బండీ పోతుంది, మీ పనీ ఆగుతుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో కట్టేవాళ్లు పునాదికి మట్టి పరీక్ష చేయించి ఇంజినీరు చెప్పిన లోతు తీయండి, చెల్కలో (ఎర్ర నేలలో) కట్టిన చుట్టాల ఇంటి కొలత చూసి గుంట తీయొద్దు.

నీళ్లు, కరెంటు, ఏ నెల

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలుసు. ఆ బోరు నీళ్లతో కాంక్రీట్ వేయొచ్చా అని అడుగుతారు. కాంక్రీట్‌లో రాడ్‌కు చేటు చేసేది ఎక్కువగా ఉప్పు, అంటే క్లోరైడ్. కాంక్రీట్ పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం రాడ్ ఉన్న కాంక్రీట్‌కు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ల్యాబ్ పరీక్షకు పెద్ద ఖర్చు కాదు, చేయించండి. తాగడానికి మాత్రం సైటులోని కూలీలకు మిషన్ భగీరథ నల్లా నీళ్లో క్యాన్లో ఏర్పాటు చేయండి, బోరు పైపు దగ్గరే దోసిలి పట్టనీయొద్దు.

కరెంటుకు డిస్కం నుంచి టెంపరరీ సర్వీస్ తీసుకోండి, ఇల్లు అయ్యాక ఇంటి మీటరుకు మార్చుకోవచ్చు. పక్కింటి నుంచి వైరు లాగితే రెండు ఇళ్లకూ కేసు తగులుతుంది.

ముహూర్తాలు ఎక్కువగా మాఘం, వైశాఖంలో పడతాయి. వైశాఖంలో శంకుస్థాపన చేసి పునాది తీయడం బాగానే ఉంటుంది, ఎండాకాలం నేల పొడిగా ఉంటుంది. స్లాబు మాత్రం ఆ ఎండల్లో వేయకుండా ఉండగలిగితే మంచిది. మామూలు సిమెంట్‌కు కనీసం 7 రోజులు, పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన సిమెంట్‌కు) 10 రోజులు నీళ్లు పట్టాలి, ఎండ ముదిరినప్పుడు 14 రోజులకు పెంచాలి. మే నెలలో బోరు అడుగంటుతుంటే, స్లాబు మీద కట్టలు కట్టి నిలబెట్టిన నీళ్లు మధ్యాహ్నానికే ఇంకిపోతాయి, ట్యాంకరు తెప్పించాల్సి వస్తుంది. దానికి ఎవరు డబ్బు పెట్టాలో కాంట్రాక్ట్ కాగితంలోనే రాసుకోండి. సెంట్రింగ్ వాళ్లు కర్రలు ఇంకో సైటుకు కావాలని వారం తిరక్కుండానే అడుగుతారు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, ఆ పైన 14 రోజులు, బీములకు 14 నుంచి 21 రోజులు కర్రలు ఉండాల్సిందే. చలికాలమైతే ఇంకొన్ని రోజులు ఉంచండి, అద్దె ఎక్కువైనా సరే.